మద్రాసు పాత వీలునామాలు: ఆర్కైవ్స్‌లో వెతికేందుకు పరిశోధకుణ్ణి కుదుర్చుకునే ముందు

[తెరపై: పాత మద్రాసు నగర పటం. ఎస్ప్లనేడు, హైకోర్టు ప్రాంతం దగ్గరగా కనిపిస్తుంది.]

వ్యాఖ్యానం: నమస్కారం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు కోస్తా, రాయలసీమ జిల్లాలకు మద్రాసే రాజధాని. వ్యాపారం కోసమో, వకీలు వృత్తి కోసమో, ప్రభుత్వ కొలువు కోసమో అక్కడికి వెళ్లి ఇళ్లు, స్థలాలు కొనుక్కున్న తెలుగువారు ఎందరో ఉన్నారు. వారిలో వీలునామా రాసి కన్నుమూసినవారి కాగితాలు చెన్నైలో నేటికీ దొరికే అవకాశం ఉంది. వాటిని వెతికించాలనుకునే మునిమనుమలు విజయవాడలోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటున్నారు కనుక చాలాసార్లు ఒక పరిశోధకుణ్ణి కుదుర్చుకోవడం తప్పనిసరి అవుతుంది. అలా కుదుర్చుకునేవారు ముందుగా ఏం తెలుసుకోవాలో ఇప్పుడు చూద్దాం.

డబ్బు ఖర్చు పెట్టే ముందు, అసలు ప్రొబేటు అంటూ ఒకటి జరిగి ఉంటుందా అని ఆలోచించాలి. ప్రొబేటు అంటే వీలునామా నిజమైనదని కోర్టు నిర్ధారించి, అందులో పేర్కొన్న ఎగ్జిక్యూటరుకు ఆస్తిని చక్కబెట్టే అధికారాన్ని ముద్ర వేసి ఇవ్వడం. 1870 నాటి హిందూ విల్స్ చట్టం ప్రకారం, ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి మద్రాసు నగరంలో హిందువులు రాసిన వీలునామాలకూ, బయట రాసినా ఆ నగరంలోని స్థిరాస్తికి సంబంధించిన వీలునామాలకూ ప్రొబేటు అవసరమైంది. గుంటూరులో ఉంటూ గుంటూరు జిల్లాలోనే భూములున్న వ్యక్తికి ఆ నిర్బంధం లేదు. ఉమ్మడి కుటుంబపు ఆస్తి బతికి ఉన్న దాయాదులకే సంక్రమించేది కాబట్టి, అలాంటి కుటుంబాల్లో ఏ కాగితమూ కోర్టు గడప తొక్కకపోవచ్చు. అందుకే, మద్రాసులో ఆస్తి ఉన్నట్టు ఆధారమేదీ లేకుండా “మా ముత్తాతగారి వీలునామా వెతికి పెట్టండి” అని పురమాయించడం నా దృష్టిలో డబ్బు వృథా చేసుకోవడమే.

[తెరపై: కోర్టుల కాలక్రమం ఒక్కొక్కటిగా వస్తుంది.]

ఏ కాలపు కాగితం ఏ కోర్టుదో తేల్చుకోవడం తరువాతి పని. 1726 నాటి రాజశాసనం మద్రాసు మేయర్ కోర్టుకు ప్రొబేటు ఇచ్చే అధికారాన్ని కల్పించింది. ఆ అధికారం 1798లో రికార్డర్ కోర్టుకు, 1801లో నాటి మద్రాసు సుప్రీం కోర్టుకు, 1862లో హైకోర్టుకు చేరింది. మేయర్ కోర్టు నాటి దస్త్రాలు కొన్ని చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, అంటే ప్రభుత్వ పాత దస్త్రాల భాండాగారంలో ఉన్నాయి. హైకోర్టు కాలం నాటి ప్రొబేటు ఫైళ్లకోసం ఆ కోర్టు రికార్డు విభాగాన్నే ఆశ్రయించాలి. ఈ రెండు చోట్లా అనుమతులు వేరు, పద్ధతులు వేరు. ఆర్కైవ్స్‌లో బాగా పనిచేసే చరిత్ర పరిశోధకుడికి కోర్టు రికార్డు విభాగం కొత్త కావచ్చు; అక్కడ ఒక న్యాయవాది, ఆయన గుమాస్తా చేసే సాయం ఎక్కువ అక్కరకొస్తుంది. ఆంగ్లేయుల, ఆంగ్లో ఇండియన్ల వీలునామాల నకళ్లు లండన్‌కు కూడా వెళ్లేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

మీరు పరిశోధకుడికి ఇచ్చే సమాచారమే ఆయన పనిలో సగం. పూర్తి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, వృత్తి, నివాసమున్న వీధి, మరణించిన సంవత్సరం రాసివ్వండి. మరణించిన సంవత్సరం కచ్చితంగా తెలియకపోతే “ఫలానా పెళ్లికి ఉన్నారు, ఫలానా దస్తావేజు నాటికి లేరు” అని రెండు హద్దులైనా చెప్పండి. మరణించిన ఏడాదిలోనే ప్రొబేటు జరిగి ఉంటుందని అనుకోకూడదు. ఇల్లు అమ్మబోయినప్పుడు కొనేవారి వకీలు అడిగితే తప్ప కోర్టుకు వెళ్లని కుటుంబాలు ఉండేవి. కాబట్టి తరువాతి ఏళ్ల సూచికలను, అంటే పేర్ల జాబితాలను కూడా చూడమని ముందే చెప్పాలి.

పేర్ల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. సూచికలు ఇంగ్లీషులో ఉంటాయి. ఆనాటి గుమాస్తాలు “వెంకట”లో కె అక్షరానికి బదులు సి రాసేవారు. “సుబ్బయ్య”లో యు అక్షరానికి బదులు రెండు ఓ అక్షరాలు వేసేవారు. ఒకే వ్యక్తి ఒక చోట ఇంటిపేరు కింద, మరో చోట సొంత పేరు కింద, ఇంకో చోట చెట్టి, నాయుడు, పంతులు వంటి బిరుదు కింద కనిపించవచ్చు. నేటి జార్జ్ టౌన్ పాత కాగితాల్లో బ్లాక్ టౌన్‌గా ఉంటుంది. ఏయే వర్ణక్రమాలు వాడి వెతుకుతారని మీరు అడిగినప్పుడు తడుముకోకుండా జవాబు చెప్పే పరిశోధకుణ్ణి నమ్మవచ్చు.

[తెరపై: పాత అమ్మకపు దస్తావేజు. ఒక వాక్యం కింద గీత పడుతుంది.]

వీటన్నిటికంటే దగ్గరి దారి తరచుగా మన ఇంటి ట్రంకుపెట్టెలోనే ఉంటుంది. ఆ ఆస్తిని తరువాత ఎవరైనా అమ్మి ఉంటే, అమ్మకందారుకు హక్కు ఎలా వచ్చిందో ఆ దస్తావేజు మొదటి పేరాలలో రాసి ఉంటుంది: ఫలానా తేదీన రాసిన వీలునామా, ఫలానా సంవత్సరపు ఓ.పి. (ఒరిజినల్ పిటిషన్, అంటే ప్రొబేటు అర్జీ) నంబరు, మద్రాసు హైకోర్టు. ఆ ఒక్క నంబరు దొరికితే సూచికల్లో వెతకవలసిన పని చాలావరకు తప్పుతుంది. అభ్యంతరాలు వచ్చిన వ్యవహారమైతే అది టి.ఓ.ఎస్. (టెస్టమెంటరీ ఒరిజినల్ సూట్, అంటే వీలునామా వివాదపు దావా) నంబరుతో దావాగా మారి ఉంటుంది కనుక రెండింటినీ చూడమనాలి.

ఇంత శ్రమ ఎందుకంటే, ప్రొబేటు ఫైలు ఒక్క వీలునామాతో ముగిసేది కాదు. ఎగ్జిక్యూటరు వేసిన అర్జీ, సాక్షి ప్రమాణపత్రం, బంధువుల వివరాలు, ఇళ్లు, నగలు, రావలసిన బాకీలతో సహా ఆస్తుల జాబితా అందులో ఉండవచ్చు. అసలు వీలునామాను కోర్టు తన వద్దే భద్రపరచి, ఎగ్జిక్యూటరుకు నకలు ఇస్తుంది. అది తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం జతచేస్తారు. ఆ తెలుగు గొలుసుకట్టు రాతలో ఉంటే చదవగలిగినవారు నేడు తక్కువ. మీ పరిశోధకుడికి ఆ విద్య వచ్చో రాదో ముందే కనుక్కోండి.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. రోజుకూలీయా, మొత్తం పనికి ఇంతా, నకళ్ల రుసుము, ప్రయాణం ఎవరివి, ఎంత ఖర్చు దాటితే మిమ్మల్ని మళ్లీ అడగాలి అన్నవి అందులో రాయాలి. మీరు చెల్లించేది వెతికినందుకే; దొరుకుతుందని హామీ ఇచ్చేవారికి దూరంగా ఉండండి. దొరకనప్పుడు కూడా ఏ సూచికలు, ఏ సంవత్సరాలు, ఏ పేర్లతో చూశారో తెలిపే నివేదిక మీకు రావాలి. అది లేకపోతే రేపు మరొకరు అదే పని మొదటినుంచి చేయవలసి వస్తుంది. అసలు దస్తావేజులు ఇవ్వకండి, ఫొటోలు చాలు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద గానీ, ఖాళీ కాగితాల మీద గానీ సంతకం చేయకండి. వెతుకులాటకు వాటి అవసరం లేదు.

ప్రొబేటుకు వెళ్లని వీలునామా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరై ఉంటే దారి వేరు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వీలునామాలు 3వ పుస్తకంలో నమోదవుతాయి. రాసినవారు మరణించిన తరువాత దరఖాస్తు చేసుకున్న ఎవరికైనా నకలు ఇస్తారు. కాని ఆ పుస్తకంలో వెతికే అధికారం రిజిస్టరింగ్ అధికారికి మాత్రమే ఉంది. “నేనే స్వయంగా ఆ పుస్తకం తిరగేస్తాను” అని ఏ పరిశోధకుడైనా చెబితే అక్కడే ఆగండి. మరణ ధృవీకరణ పత్రంతో మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు, రుసుము చెల్లించి రసీదు తీసుకోవచ్చు.