బరంపురంలో కారు గది: ఎపాక్సీ, పెగ్‌బోర్డు, ర్యాకు... ఏది నిలుస్తుంది?

నమస్కారం అండి. ఒడిశా తీరంలోని బరంపురం లాంటి ఊళ్లో కారు గదికి చేయించే మూడు పనులు ఇవాళ చూద్దాం: నేలకి ఎపాక్సీ (రెండు డబ్బాలు కలిపి పూసే గట్టి పెయింటు), గోడకి పెగ్‌బోర్డు (సామాన్లు తగిలించే చిల్లుల పలక), మూలన ర్యాకు. నేల విషయంలో మార్కులు వేయాల్సింది పెయింటుకి కాదు, దాని కిందున్న గచ్చుకి.

ఇదిగో, దగ్గరగా చూడండి. టైరు ఆగే చోట అరచేయంత పెచ్చు లేచింది. తిరగేసి చూద్దాం. వెనక బూడిదరంగు పొడి అంటుకుని ఉంటే గచ్చు పైపొరే పిండి పిండిగా ఉందన్నమాట. ఎపాక్సీ పట్టుకుంది, సిమెంటే వదిలేసింది. వెనక నున్నగా మెరుస్తుంటే గరుకు చేయకుండానే పూసేశారు. మనవైపు సిమెంటు పాలు పోసి గచ్చుని అద్దంలా రుద్దేస్తారు కదా, ఎపాక్సీ దాని మీద నిలవదు. నాలుగు నీటి చుక్కలు వేయండి. ఇంకితే సరే. ముత్యాల్లా నిలబడితే గ్రైండరు పట్టించాల్సిందే.

తర్వాత చెమ్మ. 18 అంగుళాల చదరం ప్లాస్టిక్ షీటుని గచ్చు మీద పరిచి, నాలుగు వైపులా టేపు వేసి, 16 గంటలు వదిలేయండి. తీసేసరికి కింద చెమట పట్టినా, గచ్చు నల్లబడినా పని ఆపండి. ఒడియా మిస్త్రీకి ‘చటాణ ఓదా’ (నేల తడిగా ఉంది) అంటే చాలు. కొత్తగా పోసిన కాంక్రీటైతే 28 రోజులు ఆగాలి.

ఎంత కొనాలి? 10 అడుగులకి 18 అడుగుల గదంటే 180 చదరపు అడుగులు. సాల్వెంటు (ఆవిరైపోయే ద్రావకం) లేని రకం 150 మైక్రాన్ల మందం రావాలంటే పూతకి రెండున్నర లీటర్లు. వృథాతో కలిపి 3 అనుకోండి. రెసిను, హార్డెనరు (గట్టిపరిచే ద్రవం) డబ్బాలు రెండూ కలిపాక బకెట్లో ఉంచొద్దు, అక్కడే వేడెక్కి గడ్డకడుతుంది. వెంటనే నేల మీద పోసి రోలరుతో లాగండి. హార్డెనరు కంటికి తోచినట్టు పోస్తే జన్మలో ఆరదు, జిగటగానే ఉంటుంది. రెండో పూత తడిగా ఉండగా సన్న క్వార్ట్జ్ ఇసుక జల్లండి, లేదంటే వానకి తడిసిన చెప్పులతో జారతారు. కారు మాత్రం వారం తర్వాతే. వేడి టైరు పచ్చి పూతని పీక్కుపోతుంది.

పెగ్‌బోర్డు. హార్డ్‌బోర్డు రకం మన ఉక్కకి ఉబ్బిపోతుంది, వద్దు. ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్‌కి చిల్లులు వేయించుకుంటే మేలు. గోడకీ బోర్డుకీ మధ్య 20 మిల్లీమీటర్ల బద్దలు పెట్టండి, గాలి ఆడుతుంది. స్క్రూ ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి దిగాలి. హుక్కులు స్టెయిన్‌లెస్ తీసుకోండి, ఉప్పుగాలి కదా.

ర్యాకుకి స్లాటెడ్ యాంగిల్ (వరసగా చిల్లులున్న ఇనుప ఎల్-పట్టీలు) చాలు. నాలుగు మూలలా కార్నర్ ప్లేట్లు వేయకపోతే బరువు పడగానే పక్కకి ఒరుగుతుంది. పైన రెండు చోట్ల గోడకి బిగించండి. అన్నిటికంటే కింది అర నేలకి ఆరంగుళాల పైన ఉంటే చెదలు ఎక్కుతున్నా కనబడతాయి. ఇన్వర్టరు బ్యాటరీని తలుపులున్న కబోర్డులో మాత్రం పెట్టొద్దు, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది.

ఇక షట్టరు. 2013లో ఫైలిన్ తుఫాను తీరం దాటింది బరంపురం పక్కనున్న ఈ గోపాల్‌పూర్ దగ్గరే. కొత్తది వేయిస్తుంటే విండ్‌లాక్ (పలకల చివర్లు పక్క గైడులోంచి జారకుండా పట్టి ఉంచే కొక్కెం) ఉందో లేదో అడగండి. అది లేకపోతే ఈదురుగాలికి పలకలు పొంగి, గైడు చానెల్‌లోంచి బయటికొచ్చేస్తాయి.