కుర్చీలోంచి లేవడానికి ఎంత బలం కావాలి?

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవారిలో చాలామంది ఫిజియోథెరపీ చివరి సంవత్సరం విద్యార్థులు. కొద్ది నెలల్లో రోగుల ముందు నిలబడబోతున్నారు. అందుకే పొగడ్తలూ ఉపోద్ఘాతాలూ పక్కనపెట్టి, ఇరవై ఏళ్లుగా నన్ను వదలని రెండు అంకెలతో మొదలుపెడతాను. ఒకటి 113. రెండోది 12.

రెండూ ఒకే అధ్యయనంలోవి. బోస్టన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో మరియా ఫియాటరోన్ బృందం చేసిన ఆ పని 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అందులో పాల్గొన్నవారు వందమంది, సగటు వయసు 87 ఏళ్లు. కొందరికి బరువులతో కాళ్ల వ్యాయామం, కొందరికి పోషకాహార పానీయం, కొందరికి రెండూ ఇచ్చారు. మిగిలినవారికి ఈ రెండూ లేవు. వ్యాయామమంటే పిడికిలి బిగించి వదలడం లాంటిది అనుకోకండి. ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 80 శాతం, వారానికి మూడు రోజులు, పది వారాలు. వ్యాయామం చేసినవారి కండర బలం 113 శాతం పెరిగింది, అంటే రెట్టింపుకు మించింది. నడక వేగం మాత్రం 12 శాతం దగ్గర ఆగింది. వ్యాయామం లేకుండా పానీయం మాత్రమే తాగినవారి బలహీనత తగ్గలేదు.

బలం రెట్టింపయితే నడక కూడా రెట్టింపు కావాలి కదా? ఎందుకు కాలేదు? మన రంగంలో పరిశోధనంతా ఆ 113కూ ఈ 12కూ మధ్యనున్న ఖాళీలోనే జరుగుతోందని నా నమ్మకం. కండరంలో పుట్టిన బలం మనిషి బతుకులోకి ఏ దారిన, ఎంత మేరకు చేరుతుందో తేల్చాల్సినవాళ్లం మనం.

కొంచెం వెనక్కి వెళదాం. జబ్బుపడిన కండరానికి బరువు పెట్టకూడదు, విశ్రాంతినివ్వాలి అనే భయం చాలాకాలం రాజ్యమేలింది. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికులతో వైద్యశాలలు నిండిపోయినప్పుడు, థామస్ డిలోర్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు దానికి ఎదురు వెళ్లాడు. పదిసార్లు మాత్రమే ఎత్తగలిగేంత బరువు కనిపెట్టి, బలం పెరిగేకొద్దీ బరువునూ పెంచుకుంటూ పోయాడు. ఆ ఫలితాలను 1945లో ప్రచురించాడు. ఈనాడు మీరు రాసే ‘పదేసి చొప్పున మూడు సెట్లు’కు మూలం ఆయన, ఆర్థర్ వాట్కిన్స్ కలిసి తీర్చిన పద్ధతే. ఆ సూత్రంలో పది, మూడు అనే అంకెలు అందరికీ గుర్తున్నాయి. ‘పెంచుకుంటూ పోవడం’ అన్న మాటను మాత్రం మరిచిపోయాం. అసలు ప్రాణం ఆ మాటలోనే ఉంది.

డిలోర్మ్ రోగులు కుర్రవాళ్లు. తొంభై ఏళ్లవారి సంగతేమిటి? ఫియాటరోన్ బృందమే 1990లో పదిమంది దుర్బల వృద్ధులతో ఆ ప్రశ్నకు జవాబు వెతికింది. తొమ్మిదిమంది ఎనిమిది వారాలూ పూర్తిచేశారు. తొడ ముందు కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవలేని ముగ్గురిలో ఒకరు లేవగలిగారు. వ్యాయామం ఆపిన నాలుగు వారాలకే బలంలో 32 శాతం పోయింది. ఈ చివరి వాక్యాన్ని రోగుల బంధువులందరికీ చెప్పాలనిపిస్తుంది నాకు. పది రోజుల ఫిజియోథెరపీ ‘కోర్సు’ పూర్తయింది కదా అని ఇంటికి వెళ్లేవారిని చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు ఆ ఖాళీ దగ్గరకు వద్దాం. మొదటి వారాల్లో బలం పెరగడానికి కారణం కండ లావెక్కడం కాదు. నిద్రాణంగా ఉన్న కండర తంతువులను మెదడూ వెన్నుపామూ ఎక్కువ సంఖ్యలో, ఎక్కువ వేగంతో పనిలోకి దించడం నేర్చుకుంటాయి. అందుకే టేపుతో తొడ చుట్టుకొలత చూసి ‘మార్పేమీ లేదు’ అనేవారు పొరబడతారు. అయితే ఆ నేర్పు చేసిన పనికే ఎక్కువగా అంటుకుంటుంది. కూర్చుని మోకాలు చాపడం అభ్యాసం చేస్తే మోకాలు చాపడంలో బలం ఎక్కువగా పెరుగుతుంది. నడకకు శరీర సమతుల్యం కావాలి, చీలమండ కావాలి, తుంటి కావాలి, పడిపోననే ధైర్యం కావాలి. అవన్నీ మోకాలు చాపితే రావు.

ఇంకో కారణం ఇంతకంటే లోతైనది. బలానికీ పనికీ మధ్య సంబంధం తిన్నని గీత కాదు. ఒక హద్దు ఉంటుంది. దాని కింద ఉన్నవారికి కాస్త బలం కలిసినా బతుకు మారిపోతుంది. దానికి బాగా పైన ఉన్నవారికి ఎంత బలం కలిపినా నడకలో తేడా కనపడదు, అది నిల్వగా మాత్రం ఉంటుంది. కుర్చీలోంచి లేవడానికి తొడల్లో ఉన్న బలమంతా ఖర్చయ్యే మనిషిని ఊహించండి. రోజూ లేచిన ప్రతిసారీ ఆమె తన గరిష్ఠ బరువు ఎత్తుతున్నట్టే. ఆమెకు పదిహేను శాతం బలం కలిస్తే అది ఆమెకు స్వాతంత్ర్యం. మీకూ నాకూ అదే పదిహేను శాతం కలిస్తే మనకు తెలియను కూడా తెలియదు. అధ్యయనాల్లో సగటు తీసినప్పుడు ఈ రెండు రకాల మనుషులూ కలిసిపోతారు. మధ్యలో ఒక చిన్న అంకె మిగులుతుంది. సగటును చదివేటప్పుడు అందులో హద్దుకు కింద ఉన్నవారెందరో వెతకడం అలవాటు చేసుకోండి.

ఆ హద్దు కిందికి మనిషి ఎంత తొందరగా జారిపోతాడో చూడండి. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచారు. ఏ జబ్బూ లేదు, జ్వరం లేదు, ఆపరేషన్ లేదు. అయినా కాళ్లలో దాదాపు ఒక కిలో కండ కరిగిపోయింది. అంతకుముందు 1966లో డాలస్‌లో ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు ఐదుగురిని మూడు వారాలు పడుకోబెట్టి చూశారు. ముప్పై ఏళ్ల తరవాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. గడిచిన ముప్పై ఏళ్లు వారి శ్రమ సామర్థ్యంలోంచి తీసుకెళ్లినదానికంటే ఆనాటి మూడు వారాల మంచం తీసుకెళ్లిందే ఎక్కువని తేలింది. ‘పూర్తి విశ్రాంతి’ అని చీటీ మీద రాయడం మందు రాయడం లాంటిదే. దానికీ దుష్ఫలితాలున్నాయి.

మంచం ఇంత కండ తింటుంటే మనం ఇచ్చే వ్యాయామం ఎలా ఉంటోంది? నిష్ఠూరమైనా చెప్పక తప్పదు. చాలాచోట్ల అది పలచని మోతాదు. చీలమండకు అర కిలో ఇసుక సంచి కట్టి, ఆరు వారాలపాటు అదే అర కిలో. రోగి పదిసార్లు ఎత్తి, పదకొండోది కూడా సునాయాసంగా ఎత్తగలుగుతుంటే ఆ బరువు ఆ కండరానికి ఏమీ చెప్పడం లేదన్నమాట. వయసు చూసి జాలిపడి బరువు తగ్గిస్తాం. ఆ జాలి రోగికి మేలు చేయదు. సరిగా పరీక్షించి, రక్తపోటూ గుండె సంగతీ నొప్పీ చూసుకుని, తగినంత బరువు పెట్టడమే ఆ మనిషికి మనమిచ్చే మర్యాద.

కొలవడంలోనూ ఇదే అలసత్వం. చేత్తో అదిమి కండర బలానికి సున్నా నుంచి ఐదు వరకు మార్కులు వేసే పద్ధతి పోలియో రోజుల నుంచి వస్తోంది. బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి 1943లో దాన్ని ఒక రూపానికి తెచ్చింది. పక్షవాతంతో అసలు కదలని కండరానికి అది మంచి కొలత. కానీ నాలుగో మార్కు మహా విశాలమైనది. గరిటె కూడా గట్టిగా పట్టుకోలేని చేయీ, బిందె మోసే చేయీ ఆ ఒక్క గడిలో ఇమిడిపోతాయి. మూడు నెలల కష్టం తరవాత కాగితం మీద నాలుగు నాలుగుగానే ఉంటుంది. రోగి నిరుత్సాహపడతాడు, మనమూ పడతాం. కండర బలాన్ని అంకెల్లో చూపే పరికరం, చేతిలో పట్టుకునే డైనమోమీటర్ వాడండి. అది లేకపోతే కుర్చీ వాడండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి కుర్చీ, ఒక గడియారం ఉంటే చాలు.

బలమైన మోతాదు ఇవ్వమన్నానని ఎప్పుడైనా, ఎంతైనా ఇవ్వమని అర్థం చేసుకోవద్దు. ఇక్కడ రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చదవాలి. 2009లో లాన్సెట్‌లో వచ్చినదాంట్లో వెంటిలేటర్ మీదున్న 104 మంది రోగులున్నారు. రోజూ మత్తుమందు ఆపి, మెలకువ వచ్చిన వెంటనే కొందరికి ఫిజియోథెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ మొదలుపెట్టారు. ఆసుపత్రి నుంచి వెళ్లేనాటికి తమ పనులు తాము చేసుకోగలిగినవారు ఆ గుంపులో 59 శాతం, మామూలు చికిత్స గుంపులో 35 శాతం. అది చదివి ప్రపంచమంతా ‘తొందరగా లేపండి’ అంది. 2015లో అవర్ట్ అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. పక్షవాతం వచ్చిన 2,104 మంది, ఐదు దేశాలు. 24 గంటల్లోపే, ఎక్కువసేపు, ఎక్కువసార్లు మంచం దింపితే మేలనే ఆశతో చేశారు. మూడు నెలలకు మంచి స్థితిలో ఉన్నవారు ఆ గుంపులో 46 శాతం, మామూలు పద్ధతి గుంపులో 50 శాతం. ఆశ తలకిందులైంది. తరవాతి విశ్లేషణలో, ఎక్కువసేపు ఒక్కసారిగా చేయించడం కంటే కొద్దికొద్దిసేపు పలుమార్లు చేయించడం నయమని కనిపించింది. తమ నమ్మకానికి విరుద్ధంగా వచ్చిన ఫలితాన్ని దాచకుండా ప్రచురించిన ఆ పరిశోధకుల మీద నాకు చెప్పలేనంత గౌరవం. మీరు చేయబోయే చిన్న ప్రాజెక్టులో మార్పేమీ రాకపోయినా అలాగే రాయండి.

ఇక జీవన నాణ్యత. ఈ మాట వినగానే మెత్తని మాటగా, కొలవలేనిదిగా అనిపిస్తుంది. కొలవవచ్చు, కొలుస్తున్నారు. ఎస్‌ఎఫ్-36 అనే 36 ప్రశ్నల పత్రం లాంటి ప్రశ్నావళులు నొప్పి, ఓపిక, మనసు, నలుగురిలో తిరగడం వంటివి విడివిడిగా అడుగుతాయి. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన పాఠం ఊపిరితిత్తుల రోగులు నేర్పారు. సీఓపీడీలో, అంటే శ్వాసనాళాలు ఇరుకై ఏళ్ల తరబడి ఆయాసపెట్టే జబ్బులో, వ్యాయామ పునరావాసం వల్ల ఊపిరితిత్తుల పరీక్ష అంకెలు దాదాపు మారవు. దెబ్బతిన్న ఊపిరితిత్తి దెబ్బతిన్నట్టే ఉంటుంది. అయినా వైద్య అధ్యయనాలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2015లో 65 అధ్యయనాలతో చేసిన సమీక్షలో ఆయాసం, అలసట, మనోస్థితి, జబ్బు తన అదుపులో ఉందనే భావన అన్నీ మెరుగయ్యాయి. ఎలా? తర్ఫీదు పొందిన తొడ కండరం అదే పనికి తక్కువ లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. దాంతో అదే పనికి పీల్చాల్సిన గాలి తగ్గుతుంది. రోగం ఛాతీలో ఉంది, ఊరట తొడల్లోంచి వచ్చింది. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అయితే ప్రశ్నావళికీ తన పరిమితులున్నాయి. జబ్బుతో చాలాకాలం ఉన్న మనిషి తన కొలతబద్దనే మార్చుకుంటాడు. ‘బాగానే ఉన్నాను’ అనే మాటకు ఆరు నెలల కింద ఉన్న అర్థం ఇప్పుడుండదు. తుంటి ఎముక విరిగి కోలుకుంటున్న ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చేవారు. మూడు నెలల తరవాత ఆవిడ ప్రశ్నావళి మార్కులు పెద్దగా కదల్లేదు. కాగితాలు సర్దుకుంటుంటే ఆవిడే అన్నారు: “నిన్న రాత్రి కోడల్ని లేపలేదమ్మా, నేనే లేచి వెళ్లొచ్చాను.” నా కాగితంలో ఏ గడిలోనూ ఆ మాటకు చోటు లేదు. ఆ లోపం ఆవిడది కాదు, నా కాగితానిది.

మన పరిశోధనల నాణ్యత గురించి కూడా ఒక మాట. మాత్రల అధ్యయనంలో ఉత్తుత్తి మాత్ర ఇవ్వవచ్చు. వ్యాయామంలో, తాను చేస్తున్నానో లేదో రోగికి తెలియకుండా ఉండదు. కాబట్టి కొలిచే మనిషికైనా ఎవరు ఏ గుంపో తెలియకూడదు. రోగులను గుంపులుగా విడదీయడం మన ఇష్టాన్ని బట్టి కాక, లాటరీ తీసినట్టు జరగాలి. మరొకటి మరీ ముఖ్యం: ‘సంప్రదాయ ఫిజియోథెరపీ ఇచ్చాం’ అని రాసి వదిలేయకండి. ఎంత బరువు, ఎన్నిసార్లు, వారానికి ఎన్ని రోజులు, ఎవరు దగ్గరుండి చేయించారు, ఎప్పుడు పెంచారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఎందుకు మానేశారు అన్నీ రాయండి. వంట ఎలా చేశారో చెప్పకుండా రుచి గురించి మాత్రమే చెబితే రెండోవారు దాన్ని మళ్లీ వండలేరు.

ఇప్పుడు మీకు ఒక కాగితం పంచుతున్నారు. 1995లో కెనడా ఫిజియోథెరపిస్టులు ప్రచురించిన పద్ధతి ఇది, మీరు రేపటి నుంచే వాడవచ్చు. జబ్బు వల్ల చేయలేకపోతున్న పనులేవో, లేదా కష్టమైపోయిన పనులేవో రోగినే అడిగి, తన మాటల్లోనే ఐదు వరకు రాయిస్తారు. ఒక్కో పనికీ సున్నా నుంచి పది వరకు మార్కు రోగే వేస్తారు. సున్నా అంటే అసలు చేయలేను, పది అంటే మునుపటిలా చేయగలను. కొన్ని వారాల తరవాత అవే పనులకు మళ్లీ వేయించాలి. ఆ పెద్దావిడ మాటకు ఇందులో మొదటి వరుసలోనే చోటు దొరికేది. కాగితం అందినవారు పక్కవారితో జతగా కూర్చోండి. ఒకరు రోగి, ఒకరు థెరపిస్టు. పది నిమిషాలు తీసుకోండి. అడిగేవారు మధ్యలో మాట అందించకుండా వినండి. ఆ తరవాత కుర్చీలు వరుసగా వేసి 30 సెకన్ల పరీక్ష మనమే చేసుకుందాం. గడియారం నా దగ్గరుంది.