ఫోన్-ఇన్: క్యాన్సర్‌తో పొట్ట దారి మూసుకుపోతే స్టెంటా, ఆపరేషనా?

యాంకర్: తెనాలి నుంచి లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా, టీవీ సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్: తగ్గించానండి. డాక్టర్ గారూ, మా మామయ్యగారికి పాంక్రియాస్ క్యాన్సర్, ముదిరింది, తీసేయడానికి వీల్లేదన్నారు. ఇప్పుడు పొద్దున తిన్న ఇడ్లీ రాత్రికి అట్లాగే వాంతైపోతోంది. గుంటూరులో స్టెంట్ అన్నారు, విజయవాడలో ఆపరేషన్ అన్నారు. మా బావగారేమో ఈ వయసులో కోతలెందుకంటారు, మా ఆయనేమో ఒకేసారి ఆపరేషన్ చేయించేద్దామంటారు, ఇంట్లో రోజూ ఇదే గొడవండి.

డాక్టర్: ఇద్దరు డాక్టర్లూ తప్పు చెప్పలేదమ్మా. పాంక్రియాస్ అంటే పొట్ట వెనకాల ఉండే గ్రంథి, దాని తల చుట్టూ చిన్నపేగు మొదటి భాగం ఉంటుంది, గడ్డ దాన్ని నొక్కేస్తే తిన్నది కిందికి దిగదు. స్టెంట్ అంటే నోట్లోంచి ఎండోస్కోపీతో వెళ్లి ఇరుకైన చోట లోహపు వలగొట్టం పెడతాం, అది మెల్లగా విచ్చుకుంటుంది, చాలామంది ఒకట్రెండు రోజుల్లో జావ తాగుతారు. ఆపరేషన్లో అడ్డు జోలికి పోరు, చిన్నపేగును పైకి తెచ్చి పొట్టకు కుడతారు. రెండూ తిండికి దారి చేస్తాయంతే, క్యాన్సర్‌ను తగ్గించవు.

కాలర్: మరి స్టెంటే తేలిక కదండీ?

డాక్టర్: మొదట్లో తేలికే, తంటా తర్వాత. వల కన్నాల్లోంచి గడ్డ పెరిగి మళ్లీ మూసేస్తుంది, వల మీద కవర్ ఉన్న స్టెంటైతే జారిపోవచ్చు. నెదర్లాండ్స్‌లో 39 మంది మీద రెంటినీ పోల్చి 2010లో ఫలితాలు ఇచ్చారు. త్వరగా తిన్నది స్టెంట్ వాళ్లు, ఎక్కువ కాలం తినగలిగింది ఆపరేషన్ వాళ్లు. రెండు నెలలకు మించి బతుకుతారనుకుంటే ఆపరేషన్ మేలన్నారు. చిన్న స్టడీయే, అయినా మేమంతా ఇప్పటికీ అట్లాగే లెక్కేస్తాం. ఆయన లేచి తిరుగుతున్నారా?

కాలర్: బాత్రూం దాకా అంతేనండి. పొట్టలో నీరు కూడా బాగా చేరిందన్నారు.

డాక్టర్: అది ముందు చెప్పాలి తల్లీ! అయితే ఆపరేషన్‌కు నేను తొందరపడను. కోలుకునేసరికే ఉన్న ఓపికంతా పోతుంది.

యాంకర్: ఈ మధ్య కొత్త పద్ధతేదో వచ్చిందంటున్నారు?

డాక్టర్: ఉంది. అల్ట్రాసౌండ్ ఉన్న ఎండోస్కోప్‌తో పొట్టనీ చిన్నపేగునీ డంబెల్ లాంటి స్టెంట్‌తో కలిపేస్తారు, కోత ఉండదు, గడ్డకు దూరంగా ఉంటుంది. 2024లో వచ్చిన ఒక ట్రయల్లో ఆరు నెలల్లోపు మళ్లీ ప్రొసీజర్ కావాల్సి వచ్చింది ఇందులో 4 శాతానికి, మామూలు స్టెంట్‌లో 29 శాతానికి. కానీ బాగా చేయి తిరిగినవాళ్లే చేయాలి, నీరు ఎక్కువుంటే సాధారణంగా చేయరు. మీకు మామూలు స్టెంటే నయమనిపిస్తోంది, స్కాన్ చూసిన డాక్టరుదే ఆఖరి మాటనుకోండి. కళ్లు పచ్చబడ్డాయా?

కాలర్: కొంచెం పచ్చగానే ఉన్నాయండి.

డాక్టర్: అయితే కాలేయం నుంచి పైత్యరసం పేగులోకి వచ్చే గొట్టం, పైత్యనాళం, అది కూడా మూసుకుపోయి ఉండొచ్చు. పేగులో స్టెంట్ వేసేముందే దాని సంగతి చూడమనండి, తర్వాత అక్కడికి చేరడం కష్టమవుతుంది. ఇంకోటి, మీ బావగారి మాట చెప్పారు, మీ ఆయన మాట చెప్పారు, పెద్దాయన ఏమంటున్నారు?

కాలర్: ఆయన్ని... అడగలేదండి.

డాక్టర్: అడగండమ్మా. స్టెంట్ వేశాక అన్నీ మెత్తగా ఉండాలి, మునక్కాయ, గోంగూర ఈనెలు, బత్తాయి పిప్పి లాంటి పీచు వెళ్లి ఇరుక్కుంటుంది. ఇవాళ మాత్రం బలవంతంగా ఏమీ పెట్టకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి, ముక్కులోంచి గొట్టం వేసి పొట్ట ఖాళీ చేసి, సెలైన్ పెట్టి రక్తంలో పొటాషియం ఎంతుందో చూస్తారు, స్టెంట్ మాట ఆ తర్వాత.