ఇంట్లో ఒకరికి ఫ్లూ లేదా కోవిడ్ వస్తే: గది గాలిని బయటికి పంపడం ఎలా?

నమస్కారమండీ. ఊళ్లో ఫ్లూనో కోవిడో తిరుగుతోంది, మీ ఇంట్లో ఒకరికి జ్వరం, దగ్గు మొదలయ్యాయి అనుకోండి. మిగతావాళ్లకు అంటుకునే అవకాశాన్ని ఎలా తగ్గించాలో ఇప్పుడు చేసి చూపిస్తాం.

చాలా ఇళ్లలో ముందు ఫినాయిల్ సీసా బయటికొస్తుంది. తుడవండి, మంచిదే. కానీ ఈ జబ్బులు ముఖ్యంగా అంటుకునేది ఊపిరి ద్వారా. దగ్గినప్పుడే కాదు, మాట్లాడినా సన్నటి తుంపరలు వస్తాయి. మూసిన గదిలో అవి చాలాసేపు తేలుతూనే ఉంటాయి. అందుకే మొదటి పని గాలి.

జబ్బు మనిషికి బయటి వైపు కిటికీ ఉన్న గది ఇవ్వండి. ఏసీ ఆపేయండి, స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. కిటికీలు మూసి సీలింగ్ ఫ్యాన్ వేసినా అంతే.

ఇదిగో, టేబుల్ ఫ్యాన్‌ని కిటికీలో ముఖం బయటికి ఉండేలా పెడుతున్నాం. చుట్టూ మిగిలిన ఖాళీని అట్టముక్కతో మూయాలి. లేకపోతే తోసిన గాలి ఆ సందుల్లోంచే లోపలికి వచ్చేస్తుంది. మోటారు వెనక భాగం మాత్రం మూయకండి, వేడెక్కుతుంది. ఇప్పుడు హాల్లో కిటికీ తెరిచి, గది తలుపు వేసేయండి.

పని చేస్తోందా? తలుపు కింది సందు దగ్గర హాలు వైపు అగరబత్తి పెట్టి చూడండి. పొగ గదిలోకి వెళ్తే సరిగ్గా ఉన్నట్టు. హాల్లోకి వస్తోందంటే మీ వంటింటి చిమ్నీయో ఎగ్జాస్ట్ ఫ్యానో ఆ గది గాలిని లాగుతోందన్నమాట. దాన్ని ఆపి, హాలు కిటికీ ఇంకాస్త తెరిచి మళ్లీ చూడండి. చూశాక అగరబత్తి ఆర్పేయండి, ఆ పొగకి దగ్గు ఎక్కువవుతుంది. అపార్ట్‌మెంట్లో కిటికీ కారిడార్ వైపు ఉంటే మాత్రం ఈ ఏర్పాటు వద్దు, పక్కింటివాళ్ల మీదికి పంపినట్టవుతుంది.

ఒకటే గది ఉన్నవాళ్లు మంచాలు వీలైనంత దూరంగా జరిపి, జబ్బు మనిషిని కిటికీ పక్కన పడుకోబెట్టండి. అందరూ మాస్క్ వేసుకోండి. ఎన్95 అయితే ముక్కు మీది తీగని రెండు చేతుల వేళ్లతో నొక్కి, గట్టిగా ఊదండి. కళ్ల దగ్గర గాలి తగిలిందంటే అక్కడ సందు ఉంది. వాల్వ్ ఉన్నది జబ్బు మనిషికి వేయకండి, వదిలిన ఊపిరి నేరుగా బయటికొస్తుంది.

తలుపు పిడి, కుళాయి తుడవడానికి 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణం (లిక్విడ్ బ్లీచ్) 20 మిల్లీలీటర్లు లీటరు నీళ్లలో కలపండి. ఏ రోజుకారోజు కలుపుకోవాలి, నిలవుంటే బలం పోతుంది. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు, క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరి ఆడదు. తిన్న కంచాలకి మామూలు సబ్బు చాలు.

ఇక ఆక్సీమీటర్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే వేలి పరికరం. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టండి. గోళ్లరంగు తీసేయండి, వేళ్లు చల్లగా ఉంటే రుద్ది వేడి చేయండి. వేలికి పెట్టిన వెంటనే కనిపించే అంకె నమ్మకండి. ఒక నిమిషం ఆగి, నిలకడగా ఉన్న అంకె రాసుకోండి. మళ్లీ మళ్లీ చూసినా 94 కంటే తక్కువే ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా, పెదాలు నీలంగా మారినా అంకెతో పనిలేదు, వెంటనే 108కి ఫోన్ చేయండి. పిల్లలకి జ్వరానికి ఆస్పిరిన్ వేయకండి. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు ఎవరికీ ఇవ్వకండి, అవి వైరస్ మీద పనిచేయవు.

గదిలోంచి ఎప్పుడు రావచ్చు? మాత్ర వేసుకోకుండానే 24 గంటలు జ్వరం రాకుండా ఉండి, దగ్గు, నీరసం కూడా తగ్గుతూ ఉంటే రావచ్చు. ఆ తర్వాత ఐదు రోజులు ఇంట్లో కూడా మాస్క్ ఉంచుకోవాలి. తాతగారో అమ్మమ్మో ఉన్న ఇంట్లో ఆ ఐదు రోజులూ భోజనం విడిగా చేస్తే మంచిది, తినేటప్పుడు మాస్క్ తీయక తప్పదు కదా.