1799 రాగి సెంటు: అంకె ఒక్కటే చూస్తే చాలదు

[తెర మీద: నల్లబడిన పెద్ద రాగి నాణెం. కెమెరా మెల్లగా తేదీ దగ్గరికి]

నమస్కారం అండీ. దీని మీద 1799 అని ఉంది. అమెరికా పాత రాగి సెంట్లలో దొరకడం బాగా కష్టమైన సంవత్సరం ఇది. ఇప్పుడు చివరి 9ని భూతద్దంలో చూద్దాం. అంకె చుట్టూ సన్నటి గీతలున్నాయి, అక్కడ రాగి కాస్త పల్లంగా ఉంది. ఇది 1798 నాణెం. 8ని గీకి 9 చేశారు. 1798 సెంట్లు లక్షల్లో దొరికేవి కాబట్టి ఈ మోసం చాలా పాతది.

మరి పట్టుకోవడం ఎలా?

[తెర మీద: రెండు నాణేల వెనకవైపు, పక్కపక్కన]

1792 చట్టంతో ఫిలడెల్ఫియాలో టంకశాల మొదలైంది. అప్పట్లో నాణెం కొట్టే అచ్చుల్లో చాలా పని చేత్తోనే చేసేవాళ్లు. అందుకే ఏ రెండు అచ్చులూ ఒకేలా ఉండవు. ఒకదానిలో అక్షరం పక్కకి ఒరుగుతుంది, ఇంకోదానిలో ఆకు చివర వేరే అక్షరం కిందకి వస్తుంది. నాణేనికి ముందువైపు ఒక అచ్చు, వెనకవైపు ఒక అచ్చు, రెండూ కలిపి ఒక జత. 1799 తేదీతో తెలిసినవి రెండే అచ్చుల జతలు. మీ నాణెం ఆ రెండిట్లో దేనికీ సరిపోలేదా, తేదీ ఎంత చక్కగా ఉన్నా అది 1799 కాదు.

టంకశాల లెక్కల పుస్తకం చూస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. పాత తేదీ ఉన్న అచ్చు బాగుంటే మరుసటి ఏడాది కూడా వాడేసేవాళ్లు. ఆ లెక్క ఆ ఏడాది కొట్టిన నాణేలదే తప్ప, ఆ తేదీ ఉన్నవాటిది కాదు. అందుకే సేకరించేవాళ్లు ఈనాటికి ఎన్ని మిగిలాయో చూస్తారు. ఈ పాత సెంట్లను అధ్యయనం చేసిన విలియం షెల్డన్, నాణెం ఎంత అరుదో చెప్పడానికి పెట్టిన కొలతలో ఆర్-1 అంటే 1,250 కంటే ఎక్కువ మిగిలినవి. ఆర్-7 అంటే 4 నుంచి 12. ఇవి అచ్చుల జతను బట్టి వేసే అంచనాలు, మరో నాణెం బయటపడితే మారిపోతాయి.

[తెర మీద: లిబర్టీ జుట్టు పాయలు, దగ్గరగా]

ఇక నాణెం స్థితి. 1 నుంచి 70 దాకా వేసే గ్రేడ్ కూడా షెల్డన్‌దే. 1949లో ఈ పెద్ద రాగి సెంట్ల కోసమే తెచ్చాడు, తర్వాత అమెరికా నాణేలన్నిటికీ పాకింది. ముందు నాణెం మీదున్న లిబర్టీ, అంటే స్వేచ్ఛాదేవత బొమ్మ జుట్టు పాయలు ఎంత అరిగాయో చూడండి. కానీ రాగికి అది సగం మాటే. ఉపరితలం ఎలా ఉందన్నది మిగతా సగం. జుట్టు 30 గ్రేడ్‌కి తగ్గట్టు ఉన్నా, చిలుము తిని చిన్న చిన్న గుంటలు పడితే నికరంగా 15కి దించేస్తారు. నా మటుకు నాకు, అరిగినా నున్నగా, గోధుమరంగులో ఉన్న నాణెమే ముద్దు.

దయచేసి తోమకండి. మన ఇళ్లలో రాగి చెంబుని చింతపండుతో తోమితే తళతళలాడుతుంది, నిజమే. నాణేనికి అలా చేస్తే రెండు వందల ఏళ్లుగా పట్టిన రంగు పోయి, పచ్చి గులాబీ రంగు రాగి బయటపడుతుంది. చూసేవాళ్లు ఇట్టే కనిపెడతారు, ధర పడిపోతుంది. పట్టుకునేటప్పుడు కూడా అంచులే పట్టుకోండి, వేలిముద్ర సైతం రాగి మీద మచ్చై నిలిచిపోతుంది.

[తెర మీద: 1794 సెంటు వెనకవైపు, అంచు]

చివరగా నాకు ఎంతో ఇష్టమైనది చూపిస్తాను. 1794 సెంట్లలో ఒక అచ్చుకి వెనకవైపు అంచు చుట్టూ పళ్లలా ఉండే చిన్న గీతల మధ్య 94 బుల్లి నక్షత్రాలున్నాయి. ఎందుకు చెక్కారో ఎవరికీ తెలియదు. బాగా అరిగిన నాణెమైనా సరే, అంచు వెంట ఒక్కో నక్షత్రం వెతకండి. నాలుగైదు దొరికినా చాలు, అది ఏ అచ్చో తెలిసిపోతుంది.