ఎముకలో గడ్డ: ఎక్స్‌రేలో అంచు ఏం చెబుతుంది?

(తెరపై: మోకాలి ఎక్స్‌రే)

పదిహేనేళ్ల పిల్లాడికి మోకాలి పైన వాపు. ఆటలో దెబ్బ తగిలి ఉంటుందిలే అని నూనె రాసి మర్దన చేస్తారు, కొందరు పుత్తూరు కట్టుకి బయల్దేరతారు. కాస్త ఆగండి. వారాలు గడిచినా తగ్గని వాపుకి ముందు ఎక్స్‌రే కావాలి.

అందులో డాక్టర్ ముఖ్యంగా చూసేది గడ్డ అంచు. మెల్లగా పెరిగే గడ్డ అయితే, దాని చుట్టూ గోడ కట్టుకునే టైము ఎముకకి దొరుకుతుంది. ఎక్స్‌రేలో అది తెల్లటి గీతలా కనిపిస్తుంది. క్యాన్సర్ గడ్డ సాధారణంగా ఆ టైము ఇవ్వదు. గడ్డ ఎక్కడ ఆగిందో, మంచి ఎముక ఎక్కడ మొదలైందో తేలదు.

(తెరపై: ఎముక మీది పొర పైకి లేచిన బొమ్మ)

ఎముక మీద పెరియాస్టియం అనే పల్చటి పొర ఉంటుంది. గడ్డ దాన్ని వేగంగా నెట్టేస్తే అంచు త్రికోణంలా లేస్తుంది. దాన్ని కాడ్‌మన్ త్రికోణం అంటారు. పిల్లల్లో, టీనేజర్లలో ఎక్కువగా వచ్చే ఎముక క్యాన్సర్ ఆస్టియోసార్కోమా. అందులో సూర్యకిరణాల్లాంటి గీతలు, ఈవింగ్ సార్కోమా అనే మరో ఎముక క్యాన్సర్‌లో ఉల్లిపొరల్లాంటివి కనిపించొచ్చు. చిక్కేమిటంటే, ఎముకకి చీము పట్టినా ఇలాంటి పొరలే రావచ్చు.

మరి నొప్పి? దాన్ని నమ్ముకుంటే మోసపోతాం. ఆస్టియాయిడ్ ఆస్టియోమా అనే చిన్న ఎముక గడ్డ రాత్రిళ్లు నిద్రపోనివ్వదు, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రతో చాలామందికి తగ్గుతుంది, అది క్యాన్సర్ కాదు. ఆస్టియోసార్కోమా నొప్పేమో మొదట్లో వచ్చిపోతూ ఉంటుంది, అందుకే ఇంట్లోవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు.

క్యాన్సర్, క్యాన్సర్ కానిది అనే రెండు గంపల్లో దేంట్లోనూ సరిగ్గా ఇమడనిది జెయింట్ సెల్ ట్యూమర్. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య, మోకాలి దగ్గర వస్తుంది. లెక్కప్రకారం క్యాన్సర్ కాదు. కానీ ఎముక చివరను తినేస్తుంది, గీకి తీసినా తిరిగి రావచ్చు, అరుదుగా ఊపిరితిత్తులకీ చేరుతుంది.

(తెరపై: బయాప్సీ సూది వెళ్లే దారి)

అనుమానం గట్టిగా ఉంటే బయాప్సీ, అంటే గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం. ఇక్కడే తొందరపాటు ఖరీదైనది. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు మిగలొచ్చు కాబట్టి, ఆపరేషన్‌లో ఆ దారిని కూడా కోసి తీసేస్తారు. తప్పు చోట గుచ్చితే కాలు తీసేయకుండా కాపాడే ఆపరేషన్ కష్టమవుతుంది. అందుకే ముందు ఎమ్మారై, తర్వాతే ముక్క తీయడం. సంతకం పెట్టేముందు డాక్టర్‌ని అడగండి: "సార్, రేపు ఆపరేషన్ అవసరమైతే చేసేది మీ టీమేనా?"