భూమి లోపల లావా సముద్రం లేదండీ బాబూ

(స్క్రీన్ మీద: భూమిని సగానికి కోసి చూపించే బొమ్మ)

ఈ బొమ్మ మీకు కొత్తేం కాదు. పైన పల్చటి గోధుమరంగు పొర, దాని కింద భగభగలాడే నారింజ రంగు, నడిమధ్యన పసుపు రంగు ముద్ద. ఇది చూసి చూసి, కిందంతా లావా సముద్రమని, దాని మీద ఖండాలు తెప్పల్లా తేలుతున్నాయని మన బుర్రల్లో స్థిరపడిపోయింది. అందుకే ప్లేట్ల గురించి, అంటే భూమి పైభాగం విడిపోయి ఉన్న కదిలే పెద్ద పలకల గురించి మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: తవ్వుకుంటూ పోతే లావా ఎంత లోతులో తగులుతుంది?

తగలదు. సోవియట్ యూనియన్ వాళ్లు కోలా ద్వీపకల్పంలో 1970లో మొదలుపెట్టి, 1989 నాటికి 12,262 మీటర్ల దాకా బోరు దించారు. అడుగున వేడి 180 డిగ్రీలు. ఆ వేడికి డ్రిల్లింగ్ ముందుకు సాగక ఆపేశారు గానీ, లావా ఎగజిమ్మి కాదు. అంతా చేస్తే అది అక్కడి క్రస్ట్‌లో, అంటే భూమి పై పెంకులో, సగం కూడా కాదు. క్రస్ట్ దాటాక మాంటిల్. అది 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉంటుంది. అదీ రాయే. గట్టి రాయి.

రంగు కూడా తప్పే. పై మాంటిల్‌లో ఎక్కువగా ఉండే ఖనిజం ఆలివిన్. అది ఆకుపచ్చగా ఉంటుంది.

(స్క్రీన్ మీద: నల్లరాయిలో ఇరుక్కున్న ఆకుపచ్చ ముక్క)

ఇది చూడండి. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని శాన్ కార్లోస్ దగ్గర దొరికే రకం రాయి. చుట్టూ ఉన్న నలుపు చల్లారిన లావా. లోపలి ఆకుపచ్చ ముక్క మాంటిల్‌ది. లావా పైకి వస్తూ దారిలో పెళ్లగించుకుని తెచ్చింది. అంచులు చూడండి, ఎంత పదునుగా విరిగి ఉన్నాయో. కరిగి ఉన్నది అలా విరుగుతుందా?

ఇంకో సాక్ష్యం భూకంపాలే ఇస్తాయి. భూకంపం వచ్చినప్పుడు పుట్టే తరంగాల్లో ఎస్ తరంగాలని ఒక రకం ఉంది. ఇవి రాతిని అడ్డంగా ఊపుకుంటూ వెళతాయి. ద్రవంలో మాత్రం వెళ్లలేవు. ఈ ఎస్ తరంగాలు మాంటిల్ మొత్తం దూసుకుపోయి, సరిగ్గా 2,900 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతాయి. అక్కడి నుంచి 5,150 దాకా బయటి కోర్, అంటే భూమి నడిబొడ్డులోని బయటి భాగం. భూమి లోపల పొరంతా ద్రవంగా ఉన్నది అదొక్కటే. అదీ లావా కాదు, కరిగిన ఇనుము. దాని లోపల మళ్లీ గట్టి కోర్. ఆ లోపలి కోర్ ఉందని 1936లో కనిపెట్టింది ఇంగే లేమన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త. ఆవిడ గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేయడం అన్యాయమే, కానీ ఇవాళ మన గోల మాంటిల్‌తో.

మరి గట్టి రాయైతే దాని మీద ప్లేట్లు ఎలా కదులుతాయి? అసలు ప్రశ్న ఇదీ.

కొలిమి గుర్తు తెచ్చుకోండి. నిప్పుల్లో సగం పెట్టిన ఇనప కడ్డీ. బయట ఉన్న సగం నల్లగా, బిర్రుగా ఉంటుంది. లోపలి సగం ఎర్రగా కణకణలాడుతుంది. ఆ ఎర్రటి కొస కరిగిందా? లేదు, చుక్క కూడా కారదు. అది ఘనమే. కానీ సమ్మెట దెబ్బ పడితే వంగుతుంది, సాగుతుంది. మాంటిల్ అచ్చం ఆ ఎర్రటి కొస. తేడా ఏంటంటే, కమ్మరికి తొందర, భూమికి లేదు. ఇక్కడ సమ్మెట బదులు బరువు పనిచేస్తుంది. అదీ లక్షల ఏళ్ల పాటు.

నమ్మకం కలగకపోతే స్వీడన్‌కి వెళ్దాం. మంచుయుగంలో అక్కడ సుమారు మూడు కిలోమీటర్ల మందాన మంచు ఉండేది. ఆ బరువుకి నేల కుంగింది, కింద మాంటిల్ పక్కలకి జరిగింది. మంచు పోయి దాదాపు పదివేల ఏళ్లు. ఇప్పటికీ బోత్నియా సింధుశాఖ ఉత్తర తీరంలో నేల ఏడాదికి 9 మిల్లీమీటర్ల దాకా పైకి లేస్తూనే ఉంది. లూలియో అనే ఊళ్లో రేవు లోతు తగ్గిపోయి, 1649లో ఊరినే సముద్రం దగ్గరికి మార్చుకున్నారు! కింద లావా సముద్రమే ఉంటే, మంచు కరిగిన వెంటనే నేల లేచిపోయి పని ముగిసేది. ఇన్ని వేల ఏళ్లు పట్టేది కాదు.

మళ్లీ మన కడ్డీ. నల్ల సగం, ఎర్ర సగం వేరువేరు లోహాలా? ఒకటే కడ్డీ. వేడిలోనే తేడా. ప్లేటుకీ దాని కింది పొరకీ ఉన్న తేడా కూడా అంతే. చాలామంది ప్లేటు అంటే క్రస్ట్ అనుకుంటారు, నాకు ఒళ్లు మండేది ఇక్కడే. క్రస్ట్, దానికి అతుక్కుని ఉన్న చల్లటి పై మాంటిల్, రెండూ కలిస్తే ప్లేటు. దాన్నే లిథోస్ఫియర్ అంటారు. చాలాచోట్ల మందం వంద కిలోమీటర్ల అటూ ఇటూ. సుమారు 1,300 డిగ్రీలు దాటాక అదే రాయి మెత్తబడుతుంది, అది ఆస్తెనోస్ఫియర్. అందులో అక్కడక్కడా కొద్దిపాటి కరిగిన రాయి ఉండొచ్చు, సముద్రం మాత్రం కాదు.

ఇక ప్లేట్లని కదిలించేది ఎవరు? కింద నెమ్మదిగా పారే మాంటిల్ మోసుకుపోతుందని చెప్పేస్తారు. పెద్ద వాటా దానిది కాదు. సముద్రం కింది ప్లేటు పాతబడే కొద్దీ చల్లబడి బరువెక్కుతుంది, చివరికి అంచు మాంటిల్‌లోకి దిగబడుతుంది. దిగిన ముక్క వెనకున్న ప్లేటుని లాక్కుంటుంది. అలా దిగే అంచులు ఎక్కువున్న పసిఫిక్ ప్లేటు జోరుగా పోతుంది. పెద్దగా లేని యూరేషియా నింపాదిగా కదులుతుంది.

మరి అగ్నిపర్వతాల లావా ఎక్కడిది? ఇక్కడ నా కొలిమి చెడిపోతుంది. కమ్మరి ఇనుము కరగాలంటే ఇంకా వేడి పెంచాలి. భూమి ఎక్కువగా ఆ పని చేయదు. సముద్రం నడుమ ప్లేట్లు విడిపోయే చోట మాంటిల్ పైకి వస్తుంది, ఒత్తిడి తగ్గుతుంది, ఆ తగ్గుదలకే కొంత రాయి కరుగుతుంది. ప్లేటు కిందికి దిగే చోట దాంతోపాటు నీరు పోతుంది. నీరు తగిలితే రాయి తక్కువ వేడికే కరుగుతుంది. జపాన్, ఆండీస్ అగ్నిపర్వతాలు ఇలా వచ్చినవే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. హిమాలయాల్లో అగ్నిపర్వతాలు ఎందుకు లేవు? రెండు వైపులా ఖండాలే, తేలికైనవి, లోతుకి దిగవు. నీళ్లు మోసుకుని దిగే సముద్రపు ప్లేటు అక్కడ ఇప్పుడు లేదు. అమెరికాలో కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్ పగులు దగ్గర రెండు ప్లేట్లు పక్కపక్కన రాసుకుంటూ పోతాయి, భూకంపాలే తప్ప లావా లేదు. హవాయి అంటారా, అది ప్లేటు అంచునే లేదు, నడిమధ్యన ఉంది. దానికి విడిగా ఒక వీడియో పెట్టాల్సిందే.